మూడు బకెట్ల ప్రమాణం

జూలై 7, సోమవారం. ఉదయం 6.10
నిన్న వార్డు మీటింగులో చెత్త వేరు చేసి ఇస్తామని మా గల్లీ ప్రమాణం చేసింది. వచ్చినవాళ్లు నలభై ఒక్కమంది. లేచిన చేతులు నలభై రెండు. పక్కింటి గజేందర్ ఫొటో కోసం రెండూ ఎత్తాడు.
నేను ఒక్కటే ఎత్తాను. ఇంటికొచ్చి మూడు బకెట్లు పెట్టాను. ఆకుపచ్చ: తడి. నీలం: పొడి. ఎరుపు: బ్లేడ్లు, బల్బులు, సీసా పెంకులు. నా చేతిరాతతో చీటీలు అంటించాను. ఎంత అందంగా ఉన్నాయో!

జూలై 8. 7.05
చెత్త ఆటో వచ్చింది. దానితో వచ్చే కొమురవ్వ బకెట్లు చూసి, "గల్లీ మొత్తంల నువ్వొక్కనివే మాట మీద నిలవడ్డవ్ సారూ!" అంది. నేను తలూపాను.
గజేందర్ ఇచ్చింది ఒకే కవరు. అన్నం, డైపర్లు, సీసా పెంకులు. సిగ్గులేని మనిషి!

జూలై 10
"ప్రమాణం నువ్వు జేస్తివి, కంపు నాకొచ్చె. గీ బకెట్లు ఎవలు కడగాలె?" అంది నా భార్య సుమిత్రమ్మ. నేనే కడిగాను. పురుగులు. మధ్యాహ్నం అన్నం సహించలేదు.

జూలై 12
నడుము నొప్పి. బకెట్లు రేపు కడుగుతాను. గజేందర్ కవరు చూడడానికి మాత్రం గోడ దాకా వెళ్లగలిగాను. మొన్నటికన్నా ఘోరం.

జూలై 14
"ఏం వేరు జేస్తవ్ కాకా! గా డంపు యార్డుకు పోయినంక అంతా కలిపేస్తరు," అన్నాడు గజేందర్. ఇన్నేళ్లలో వాడి మాట ఒక్కటీ నమ్మలేదు. ఇది మాత్రం వెంటనే నమ్మాను.

జూలై 15
అన్నీ ఒకే కవర్లో. ఈ ఒక్క రోజుకే.

జూలై 16
ఈ ఒక్క రోజుకే.

జూలై 17. 7.02
గడ్డం గీసుకుంటుంటే ఆటో పాట వినిపించింది. ఎర్ర బకెట్లో సుమిత్రమ్మ ఉల్లిగడ్డలు పోసింది. పాత బ్లేడును నిన్నటి లెక్క చీటీలో చుట్టి అదే కవర్లో వేశాను.

జూలై 18
కొమురవ్వ కుడిచేతికి కట్టు. నాలుగు కుట్లు పడ్డాయట. ఎడమ చేత్తో కవర్లు ఎత్తుతోంది.
"ఎవరి కవర్లో తెగింది? గజేందర్‌దేనా?" అన్నాను. ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.
ఆమె కొంగుముడి విప్పి చీటీ ఇచ్చింది. పాలు, పచ్చిమిరప లెక్క. నా సన్నరాత. మూల మీద ఎండిన నెత్తురు.
"నాకు సదువు రాదు సారూ. గీ రాత ఎరుకే. నీ బకెట్ల మీద రోజూ జూస్త."
"అక్కడ అంతా కలిపేస్తరని..."
"కలిపేది మీరు. మేం చేతుల్తోని ఏరుతం."
గేటు దగ్గర గజేందర్ నవ్వాడు.

జూలై 19. 5.30
ఉల్లిగడ్డలు గంపలో పోశాను. మూడు బకెట్లూ కడిగాను. చీటీలు మార్చలేదు. రాత ఎవరిదో ఆమెకు తెలుసు.
గజేందర్ గేటుకు కవరు వేలాడుతోంది. మళ్లీ పెంకులు. ప్రమాణానికి రెండు చేతులెత్తిన వెధవ! ఆటో రాకముందే వాటిని నా ఎర్ర బకెట్లోకి ఏరాను, తిట్టుకుంటూనే.
మొదటి రోజు.