మనవాళ్ల లెక్క

పటాన్‌చెరు,
జూన్ 1969.

అమ్మకు కమల నమస్కారాలు. నేనూ, మీ అల్లుడుగారూ కులాసాగానే ఉన్నాం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో రాయి.

ఇక్కడ ప్రత్యేక తెలంగాణ గొడవలు ఎలా ఉన్నాయని అడిగావు. ఫ్యాక్టరీ నడుస్తోంది, బస్సులే సరిగా రావడం లేదు. బజారులో నేను నోరు విప్పడం తగ్గించాను. నా మాట వినగానే కూరలమ్మే మనిషి "ఆంధ్రోళ్లేనా?" అంటుంది. కోపంతో అంటుందో, ఊరికే అడుగుతుందో తెలియదు. భీమవరంలో మనం ఎంతమందిమో ఎవరైనా లెక్కపెట్టారా? ఇక్కడ అందరూ లెక్కపెడతారు.

మనవాళ్లూ పెడతారు. యూనియన్ ఎన్నికల్లో నిలబడ్డ నరసరాజుగారు కోస్తా కుటుంబాలన్నిటినీ తన ఇంటికి పిలిచారు. మన ఇళ్ల మీద పడాలని మొగులయ్య మంగళవారం అంగట్లో అంటుంటే తన చెవులతో విన్నానన్నారు. "మనం కొద్దిమందిమి. ఓట్లు చీలితే మనకు దిక్కెవరు?" అన్నారు.

మొగులయ్య మా ఇంటి యజమాని. మీ అల్లుడుగారు డ్యూటీ ఎప్పుడు దిగుతారని ఈమధ్యే అడిగాడు కూడా. అది గుర్తొచ్చి, నిజమేనేమో అనుకున్నాను.

కానీ ఆ మంగళవారం అతను ఊళ్లోనే లేడు. భార్య ఆగమ్మతో ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో కూతురింటికి వెళ్లాడు. తాళంచెవి నాకే ఇచ్చారు. వాళ్ల గేదెకు పొద్దుటినుంచీ నీళ్లు పెట్టింది నేనే.

అమ్మా, రాయాలా వద్దా అని ఇంతసేపూ ఆగిన మాట ఇది. ఆ సంగతి నేను అందరి ముందూ చెప్పేశాను. నరసరాజుగారు కోపపడలేదు. నవ్వి, "నువ్వు ఎవరి పక్షమమ్మా?" అన్నారు. మనవాళ్లలో రోజూ మా ఇంటికొచ్చే వెంకటరమణమ్మగారు ఆనాటి నుంచీ మా గడప తొక్కలేదు. క్యాంటీన్‌లో మీ అల్లుడుగారి పక్కన మనవాళ్లెవరూ కూర్చోవడం లేదట. ఆ కొద్దిమందిలోంచి కూడా మేమిద్దరం వేరుపడ్డాం.

వచ్చేయమన్నావు. ఇప్పుడే రాను. మొగులయ్య మంచివాడని నేను చెప్పడం లేదు, నాకు తెలియదు. నిన్న సాయంత్రం ఆగమ్మ వచ్చి, "మీవోళ్లు మీతోని మాట్లాడ్తలేరంట గదా. ఒక్కదానికి బుగులైతలేదా?" అంది. ఆరా తీస్తోందో, జాలిపడుతోందో పోల్చుకోలేకపోయాను. బొంకే ఓపిక లేక, భయంగానే ఉందన్నాను.

"గట్లయితే మీ ఆయన వచ్చేదాంక ఈడనే కూసుంట" అని గుమ్మంలో కూర్చుంది.

ఆయన వచ్చేసరికి మేమిద్దరం ఒక్క చేటలోనే బియ్యం ఏరుతున్నాం.

ఇట్లు,
నీ కూతురు
కమలాకుమారి