ఆవు బొమ్మ దగ్గర నవ్వు

బిడ్డా శృతీ,

నర్మెట్ట నుంచి మీ బాపు దీవెనలు. అందరం బాగున్నామని రాస్తేనే అది ఉత్తరమవుతుంది కనుక రాస్తున్నాను. మిగతాది ఫోనులో చెప్పలేక కాగితం పట్టాను.

బొమ్మల పుస్తకాలతో పంపిన చీటీలో అడిగావు, భూపాలపల్లిలో నీ డ్యూటీ మారేదాకా మా దగ్గర ఉంచిన నీ వరుణ్‌కు రోజూ చదువుతున్నానా అని. చదువుతున్నాను. బడి మొహం చూడకుండా కిరాణా పొట్లాల కాగితాల మీద అక్షరాలు నేర్చినవాడిని, అట్ట పుస్తకం నాకో లెక్కా. ఒక పొట్లంలో సగం హత్య కథ దొరికింది, చంపిందెవరో ఇప్పటికీ తెలియదు. సరే, అది వేరే సంగతి.

మాట వచ్చిందా అనీ అడిగావు. రాలేదు. మీ అమ్మ తేనెలో వస అరగదీసి వాడి నాలుకకు రాస్తూనే ఉంది. "మన రవి సుత మూడేండ్లకు మాట్లాడిండు. మేనమామ పోలిక. జర ఆగు" అంటుంది. తనకు చిన్నప్పుడు పోసిన వస ఇంకా దిగలేదు, ఆమెతో ఎవరు వాదిస్తారు?

నేనూ నమ్మాను. ఆవు బొమ్మ దగ్గర "అంబా" అంటే వాడు పడి పడి నవ్వేవాడు. మాట రాకున్నా వింటున్నాడు కదా అనుకున్నాను.

పోయిన వారం పన్ను నొప్పికి మూతికి తువ్వాల కట్టుకుని చదివాను. "అంబా" అంటే నవ్వలేదు. గట్టిగా అరిచాను. పక్కింటి భాగ్య తొంగి చూసి, "ఏంది మామా, బర్రె తప్పిపోయిందా?" అంది. వరుణ్ మాత్రం పేజీ చూస్తూ కూర్చున్నాడు. తువ్వాల దించి నోరు తెరిచాను. అప్పుడు నవ్వాడు.

మీ అమ్మకు చిల్పూర్ గుట్ట మీది గుడికని చెప్పి, వాణ్ణి హన్మకొండలో చెవి డాక్టరుకు చూపించాను. లోపల వినే నరమే లేదట బిడ్డా, రెండు చెవులకూ.

"మిషన్ పెడితే?" అన్నాను.

"నరం లేనిది మిషన్ ఏం చేస్తది పెద్దయ్యా" అన్నాడు.

చేతులతో మాట్లాడే భాష ఉంటుందట. మన దిక్కు ఎవరు నేర్పుతారో ఆయనకూ తెలియదు. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. నువ్వే వచ్చి చెప్పు, నా వల్ల కాదు.

తిరుగు బస్సులో వాడు పుస్తకం తెరిచి, ఆవు మీద వేలు పెట్టి, నా మొహంలోకి చూస్తూ పెద్దగా నోరు తెరిచాడు. అచ్చం నాలాగే పెదవులు కలిపి, మళ్ళీ విప్పాడు. శబ్దం రాలేదు.

కండక్టరు చూసి, "పోరడు ఆవులిస్తుండు తాతా, జర పండబెట్టు" అన్నాడు.

పండబెట్టాను.

ఇట్లు,
మీ బాపు
రాజలింగు