జామకొమ్మకున్న హెల్మెట్ సంగతి

ఒరేయ్ తమ్ముడూ,

నిన్న మిట్టమధ్యాహ్నం ఎండకు కాగిన పైపుతో వంగనారుకు నీళ్లు పెట్టింది నువ్వే కదూ? ఆ నీళ్లతో టీ కాచుకోవచ్చు. నారంతా ఉడికిపోయి తల వాల్చేసింది. నువ్వు లేచేసరికి నేను డ్యూటీలో ఉంటాను కాబట్టి బతికిపోయావు, లేకపోతే నీ చెవులు చిల్లులు పడేవి.

ఇవాళ ఎండ దిగాకే నీళ్లు పెట్టు. ముందు పైపులోని వేడినీళ్లు గచ్చు మీదికి వదిలెయ్. బీరపాదు జోలికి మాత్రం వెళ్లకు. కాయ కట్టని పూలు దండగని తుంచి పారేశావట, అమ్మ చెప్పింది. అవి మగపూలురా! అవి లేకపోతే బీరకాయలు నీ నెత్తిన కాస్తాయా?

ఇక నీ హెల్మెట్. బండి రిపేరుకిచ్చిన రోజు జామకొమ్మకు తగిలించావు. లోపల పెట్టుకోమని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. పొద్దున్నే దాన్ని తెచ్చి నీ మంచం మీద విసిరికొడదామని వెళ్లాను. లోపలినుంచి ఓ పిట్ట తుర్రుమంది. తొంగి చూస్తే గూడు, అందులో మూడు గుడ్లు.

ఇన్నాళ్లూ తియ్యమంటే తియ్యలేదు. ఇప్పుడు తీశావంటే చంపేస్తా. మెకానిక్ ఇవాళ బండి ఇచ్చినా సరే, బస్సులోనే పో. హెల్మెట్ లేకుండా బండెక్కావని తెలిసిందో, కాళ్లు విరగ్గొడతా.

అక్క

గూటి మీద ఎండ పడుతోందని నీ కొత్త గొడుగు కొమ్మకు కట్టాను. ఇల్లంతా వెతుక్కోకు.