పద్దెనిమిదో ఫ్రేము

నాకు డెబ్బై నాలుగేళ్లు. ఎడమ కన్ను మసక, కుడి కన్ను బాగుంది, బుద్ధి రెండింటికన్నా బాగుంది. ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, స్థిరచిత్తంతో, స్వహస్తంతో ఈ వీలునామా రాస్తున్నాను. ఇదివరకు రాసినవి రెండున్నాయి. అవి ఇందుమూలంగా రద్దు. నలభై ఆరేళ్లు వీధులు పట్టుకు తిరిగి, ముక్కూ మొహం తెలియనివాళ్లను వాళ్లకు తెలియకుండా ఫొటోలు తీశాను. నాకున్నదంతా అలా వచ్చిందే. ఇది పూర్తిగా నా స్వార్జితం, ఇందులో ఎవరికీ పుట్టుహక్కు లేదు. దీన్ని అమలు చేసే బాధ్యత కింది వాటాలో ఉండే వకీలు గారిది. ఆయనకు నా ఫొటోలు ఒక్కటీ అర్థం కావు. అందుకే ఆయన్ని నమ్ముతున్నాను.

1. నా భార్యకు: ఇప్పుడు మేముంటున్న ఇల్లు, అందులోని సమస్త సామాను, సర్వహక్కులతో. ఇంతకాలం ఆ ఇంట్లో కాపురం చేసింది ఆమె, నేను వచ్చిపోయేవాణ్ణి. వీటితోపాటు బీరువా పై అరలోని ఒక ప్రింటు కూడా ఆమెకే. పెళ్లయిన పదకొండో ఏట, కూరగాయల బజారు దగ్గర, రోడ్డుకు ఇవతలి నుంచి ఒక స్త్రీని తీశాను. చేతిలో సంచి, ముడిపడ్డ కనుబొమలు, లోకంలో ఎవరినీ క్షమించేది లేదన్నట్టు నిలబడి ఉంది. జేబు పుస్తకంలో "ఎవరో ఆవిడ, కోపం" అని రాసుకున్నాను. వారం తర్వాత డార్క్ రూమ్‌లో, ట్రేలోని కాగితం మీద ముఖం తేలుతుంటే అప్పుడు తెలిసింది, ఆవిడ మా ఆవిడే. ప్రింటు చూపిస్తే "కోపమేంటి నీ మొహం, కళ్లల్లో ఎండ పడుతోంది" అంది. పుస్తకంలో ఏం రాశానో చూపించే ధైర్యం చాలలేదు. ఆ పుస్తకమూ ఆమెకే ఇస్తున్నాను, చదువుకోవచ్చు.

2. నా ఫొటోలకు పేర్లు పెట్టి, వాటి మీద వ్యాసాలు రాసి పెద్దమనిషి అయిన నా బావమరిదికి: నా భూతద్దం. ఆయన ఏ ఫొటోనీ దగ్గరగా చూసిన పాపాన పోలేదు. వానలో తడుస్తున్నవాణ్ణి తీస్తే "ఒంటరితనం" అన్నాడు. వాడు గొడుగులు బాగుచేసేవాడు. చంకలో నాలుగున్నాయి, గిరాకీలవి కాబట్టి విప్పలేదు. గోడకు నుదురు ఆనించిన ముసలాయన్ని తీస్తే "ఓటమి" అన్నాడు. ఆయన మనవలతో దాగుడుమూతలు ఆడుతూ అంకెలు లెక్కపెడుతున్నాడు. నేను పక్కనే ఉన్నాను, కాదనలేదు. దాగుడుమూతలకు ఎవరూ చప్పట్లు కొట్టరు, ఓటమికి కొడతారు. కాబట్టి ఆయనా నేనూ దొందూ దొందే. కాకపోతే ఆయనకు తెలియదు, నాకు తెలుసు.

3. పదేళ్లుగా కెమెరా మీద కన్నేసి నా ఆరోగ్యం వాకబు చేస్తున్న శిష్యుడికి: నా పాత బూట్లు. ఈ పని కాళ్లతో చెయ్యాలని వందసార్లు చెప్పాను, వాడు బండి దిగడు. కెమెరాను తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటానని మా ఆవిడ ఎప్పటినుంచో అంటోంది. పెట్టుకోనివ్వండి.

4. నేను పోయాక నా ముఖాన్ని ఎవరూ ఫొటో తీయకూడదు. ఎవడో ఒకడు దాన్ని చూసి "ఎంత ప్రశాంతంగా ఉన్నాడో" అంటాడు. దవడ జారకుండా గుడ్డ కడితే ఎవడైనా ప్రశాంతంగానే ఉంటాడు.

5. ఇక అసలు ఆస్తి. నాకు పేరు తెచ్చిన ఫొటో "ఇంటికి వెళ్లేముందు". ఒక స్త్రీ. తల కొంచెం వంచి కళ్లు మూసుకుంది. ఆమె చెయ్యి ఒక మగవాడి భుజం మీద ఉంది. భుజం తప్ప అతను కనిపించడు. పేరు మా బావమరిది పెట్టాడు. ఆ భుజం ఎవరిది, ఆమె ఎవరిని విడిచి ఏ ఇంటికి వెళ్తోంది అని ముప్పై ఒక్క ఏళ్లుగా జనం రాస్తూనే ఉన్నారు.

జరిగింది ఇది. ఆమె చెప్పు పట్టీ తెగింది. కాలిబాట పక్కన అరుగు మీద కూర్చుని చెప్పులు కుట్టేతను దానికి మేకు కొడుతున్నాడు. ఒంటికాలి మీద నిలబడింది కాబట్టి పడిపోకుండా అతని భుజం పట్టుకుంది. రీలులో పదిహేడో ఫ్రేము తీసినప్పుడు ఆమె రెప్ప వేసింది. అంతే. పద్దెనిమిదో ఫ్రేములో కళ్లు తెరిచి, బాగయిన చెప్పు చేత్తో పట్టుకుని పకపకా నవ్వుతోంది. అతని పళ్ల మధ్య ఇంకా ఒక మేకు ఉంది. పదిహేడులో కూడా ఎడమ పక్కన అతని ముఖమూ సుత్తీ స్పష్టంగా కనిపిస్తాయి. అవి ఉంటే మర్మం ఉండదు. ప్రింటు వేసేటప్పుడు ఆ పక్క రెండంగుళాలు తీసేశాను.

ఆ ఫొటోతో క్యాలెండరు వేశారు. అది ఆమె భర్త పనిచేసే ఆఫీసు గోడకు వేలాడింది. పక్క సీట్లవాళ్లు ఏమన్నారో ఊహించుకోవచ్చు. ఆయన ఆమెను ఇంట్లోంచి పంపేశాడు, తొమ్మిదేళ్ల కూతుర్ని తన దగ్గరే ఉంచుకున్నాడు.

ఆమె నా దగ్గరికి మూడుసార్లు వచ్చింది. ముందూ వెనకా తీసినవి ఉంటాయి కదా, ఒక్కటి ఇవ్వండి, ఆయనకు చూపిస్తాను అంది. లేవన్నాను. చెప్పులు కుట్టేతన్ని వెతికింది. పైపుల కోసం కాలిబాట తవ్వడంతో అతను అప్పటికే వేరే పేటకు మారాడు. ఏ పేటకో నాకు తెలుసు. చెప్పలేదు. అప్పటికి ఆ ఫొటో బహుమతి పోటీలో ఉంది. మూడోసారి ఆమె ఆ చెప్పు పట్టుకొచ్చి, మేకులు చూపించి, గుమ్మంలో నిలబడిపోయింది. పక్క కిటికీ వెలుతురు ముఖం మీద పడుతోంది. నా చెయ్యి కెమెరా మీదికి పోయింది. తీశాను. ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ రెండో ఫొటో చూసి మా బావమరిది "ఇందులో భావం పలకలేదు బావా, పక్కన పడెయ్" అన్నాడు. నా జన్మలో నిజమైన దుఃఖాన్ని తీసింది ఆ ఒక్కసారే.

6. పోయిన ఏడాది ఆ కూతురు వచ్చింది. ఇప్పుడు లెక్కల టీచరు. తల్లిని ముప్పై ఏళ్లుగా చూడలేదట. తల్లి ఉంటున్న వృద్ధాశ్రమం నుంచి, ఆఖరి రోజులని కబురు వచ్చిందట, వెళ్లాలో వద్దో తేల్చుకోలేకపోతోంది. "ఆ భుజం ఎవరిదండీ? అది ఒక్కటి చెప్పండి, వెళ్లిపోతాను" అంది. ఆ రీలు నా మోకాలి పక్క సొరుగులోనే ఉంది. "ఫొటో చూస్తే మీకేమనిపిస్తే అదేనమ్మా" అన్నాను. సభల్లో చెప్పి చెప్పి నాలుకకు అంటుకుపోయిన మాట అది. "నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే అనిపిస్తోందండీ" అని లేచి వెళ్లిపోయింది. నెలన్నరకు పత్రికలో తల్లి మరణ ప్రకటన చూశాను. ఇచ్చింది ఆశ్రమం వాళ్లు. బంధువుల పేర్లు లేవు.

కాబట్టి, పదిహేడు, పద్దెనిమిది ఫ్రేములున్న నెగటివ్ ముక్క, వాటి అంచులు కత్తిరించని ప్రింట్లు, గుమ్మంలో తీసిన ఫొటో, "ఇంటికి వెళ్లేముందు" మీద సర్వహక్కులూ ఆ కూతురికి చెందాలి. తగలబెట్టుకుంటుందో గోడకు పెట్టుకుంటుందో ఆమె ఇష్టం. వద్దంటే వకీలు గారు కవరు గుమ్మంలో పెట్టి వచ్చేయాలి. ఇప్పుడిస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదని, బతికినన్నాళ్లూ కుమిలిపోతుందని నాకు తెలుసు. తెలిసే ఇస్తున్నాను. అబద్ధం నాది, నమ్మింది ఆమె. ఈ బరువు ఇన్నాళ్లూ ఒక్కణ్ణే మోశాను, ఇక మొయ్యలేను. దీన్ని మా బావమరిది పశ్చాత్తాపం అంటాడు. అననివ్వకండి. ఇది పిరికితనం.

నా జీవితకాలంలో ఈ వీలునామాను మార్చుకునే హక్కు నాకుంది. మార్చను.

తేదీ: ఈ నెల పదకొండు, మంగళవారం, మధ్యాహ్నం.

(సంతకం) ఫొటోగ్రాఫరు

మొదటి సాక్షి: వకీలు గారి గుమాస్తా. (సంతకం)

రెండో సాక్షి: మా వీధి మలుపులో చెప్పులు కుట్టే పెద్దాయన. ఆ భుజం ఈయనదే. ఇదంతా చదివి వినిపించాక, వేలిముద్ర వేస్తూ ఈయన అన్న మాటను వకీలు గారు ఉన్నదున్నట్టు కింద రాశారు:

"ఆ అమ్మ చెప్పుకి రెండు మేకులు కొట్టానండీ. భలే నవ్వించింది కూడా. తవ్వకాలయ్యాక ఏడాదికల్లా మళ్లీ ఈ మలుపులోకే వచ్చాను, ఇక్కడే కూర్చుంటున్నాను. ఎవరన్నా అడిగితే చెప్పేవాణ్ణి కదండీ."