నలభై మూడో పలక మూలన

2011 మార్చి 9, బుధవారం

ఇవాళ ఒక మనిషిని చెరిపేసి వచ్చాను.

లైబ్రరీలో నేను స్కాన్ చేస్తున్నవి నూట నలభై ఏళ్ల కిందటి గాజు పలకలు. ఎడారి లోయల్లో, నది వెంట సర్వేవాళ్లు తీసిన ఫొటోలు. అప్పట్లో ఫొటో తీసేవాళ్లు గాజును ఒక మూల పట్టుకుని, బొమ్మ పడటానికి మీద రసాయనం పోసేవారు. నలభై మూడో పలకలో ఆ మూలన బొటనవేలి ముద్ర గీతలతో సహా నిలిచిపోయింది. ఫొటో తీసిందెవరో ఎక్కడా లేదు. సర్వే నాయకుడి పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంది.

సూపర్‌వైజర్ లిండా, "పోస్టర్‌కి కావాలి, ఆ మరక క్లీన్ చేసెయ్" అంది. అది మరక కాదని చెప్పబోయాను. ఆవిడ అప్పటికే వాచీ చూసుకుంటోంది.

పక్క సీట్లోంచి స్రవంతి తెలుగులో గొణిగింది. "నీకెందుకే తల్లీ? వచ్చే సెమిస్టర్ నీ జాబ్ రెన్యూ చేసేది ఆవిడే కదా!"

నాలుగు క్లిక్కుల్లో, స్కాన్‌లో ముద్ర ఉన్నచోట పక్కనున్న ఇసుక వచ్చింది. లిండా మెచ్చుకుంటే సిగ్గులేకుండా థాంక్యూ కూడా చెప్పాను. అసలైన గాజు పలక మీద ముద్ర అలాగే ఉందిగా అని సర్దిచెప్పుకుంటున్నాను. డబ్బాలో పెట్టేసినదాన్ని ఇక ఎవరు తీసి చూస్తారు?

ఈ దేశంలో దిగినరోజు ఎయిర్‌పోర్ట్‌లో నా పది వేళ్ల ముద్రలూ తీసుకున్నారు. వాటిని మాత్రం భద్రంగా దాచుకునే ఉంటారు.