ఆటో ఆగినప్పుడల్లా

అత్తయ్యగారికి వందనాలు.

మామిడి పూత మీద ఉండగా మీరు వెళ్ళిపోయారు. ఇప్పుడు చిన్న రసాలు కోతకొచ్చాయి. ఇన్నాళ్ళలో ఒక్క ముక్కయినా రాయలేదని అనుకోకండి... రాద్దామని కూర్చునేసరికి బ్లెస్సీ ఏడుపు అందుకునేది.

మీ మనవరాలు బాగానే ఉంది. మూడో ఏడు నడుస్తోంది కదా, మాటలు వస్తున్నాయి. ఆ ఏడుపు ఒక్కటే...

దాని గొంతు పుట్టినప్పటి నుంచీ పెద్దదే. చర్చిలో పాస్టరుగారి మైకుని మించిపోతోందని మీరే నవ్వేవారు. కానీ ఇది ఆ ఏడుపు కాదండీ. ఆడుకుంటూ ఆడుకుంటూ గేటు దగ్గరికి పరిగెత్తేది, అక్కడే కూలబడి గుక్క పట్టేది. మొహం కందిపోయేది. ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుపడేది. రోజుకి ఎన్నిసార్లో లెక్కే లేదు.

నూజివీడులో పిల్లల డాక్టరుగారు చెవులు చూశారు, పొట్ట చూశారు, ఏమీ లేదన్నారు. సంఘంలో అందరూ ప్రార్థన చేశారు. పక్కింటివాళ్ళ అమ్మాయి పరీక్షలకి చదువుకుంటూ మా వైపు కిటికీలు మూసేసుకుంది. నేనెవరినేం అనగలను?

కాయ పెరిగేకొద్దీ మీ అబ్బాయి తోటకాపలా అని చాట్రాయి దారిలోని తోటకే అంకితమైపోయారు. మామయ్యగారూ అంతే. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోయేవారు. మీ గురించి ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. వాళ్ళిద్దరికీ తోట ఉంది. మరి నాకు?

"దానికింకా మాటలు రావు కదమ్మా సునీతా, ఏడ్చే చెప్పుకోవాలి" అనేవారు మీరు. ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో! కానీ ఏం చెబుతోందో తెలియాలిగా అత్తయ్యగారూ... చెవుల్లో ఎప్పుడూ హోరే. అది నిద్రపోయినా నాకు ఏడుపు వినిపిస్తూనే ఉండేది.

పోయిన వారం ఇక నావల్ల కాలేదు. మధ్యాహ్నం ఆటో ఎక్కి దాన్ని తోటకి తీసుకెళ్ళాను. మామయ్యగారు పాక ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. పిల్లని ఆయన ఒళ్ళో కూర్చోబెట్టి, "ఈ పూట మీరు చూసుకోండి మామయ్యగారూ, నాకు ఓపిక లేదండీ" అన్నాను. ఆయన నోరు తెరిచేలోపే తోట లోపలికి నడిచి, ఓ చెట్టు కింద కొంగు పరుచుకుని పడుకున్నాను. అది ఏడుస్తూనే ఉంది. నేను నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి ఏ చప్పుడూ లేదు. పరుగున పాక పక్కకి వచ్చి చూశాను.

రోడ్డు మీద ఏదో ఆటో ఆగింది. బ్లెస్సీ చటుక్కున మంచం దిగి కంచె దగ్గరికి పరిగెత్తింది. ఆటోలోంచి ఎవరో దిగారు. దాని పెదవి వణికింది. మామయ్యగారు వెనకే వెళ్ళి, మోకాళ్ళ మీద చేతులాన్చుకుని వంగారు.

"ఎవరి కోసమమ్మా?"

"నానమ్మ."

ఆ రోజు మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆటోలోనే కదా... గేటు దగ్గర దానికి చెయ్యి కూడా ఊపారు. మిమ్మల్ని తిరిగి తెచ్చేసరికి, భయపడుతుందని దాన్ని మైలవరం మా అక్క వాళ్ళింటికి పంపేశాం. వచ్చాక నానమ్మ యేసయ్య దగ్గరికి వెళ్ళిందన్నాం. వెళ్ళిన మనిషి రావాలి కదా, దాని లెక్కలో! ఇంటి ముందు ఆటో ఆగినప్పుడల్లా మీ కోసం పరిగెత్తిందని ఒక్కరమూ కనిపెట్టలేదే...

మామయ్యగారు కింద కూర్చుని, "నానమ్మ ఆటోలో రాదు తల్లీ. ఇంక రాదు" అన్నారు.

"లాదా?"

"రాదమ్మా."

మళ్ళీ అడిగింది. అడిగినన్నిసార్లూ ఆయన అదే చెప్పారు. అది ఆయన మెడ పట్టుకుని ఏడ్చింది. ఆయనా ఏడ్చారండీ... పైకే, పిల్లాడిలా. గడలతో కాయ కోస్తున్నవాళ్ళు చేతులు ఆపేశారు. మీ అబ్బాయి ట్రే కింద పెట్టేసి అలాగే నిలబడిపోయారు. నేను దగ్గరికి వెళ్ళలేదు. ఆపాలనిపించలేదు.

ఏడుపు మానేసిందని రాయలేను. నిన్న కూడా స్నానానికి రానని వీధి దద్దరిల్లేలా ఏడ్చింది. కానీ గేటు దగ్గర కూలబడడం లేదు. సాయంత్రాలు మామయ్యగారు ఇంటికి వచ్చేస్తున్నారు. మీరు చపాతీ పిండి దానికిచ్చి బొమ్మలు చేయించిన సంగతులు దానికి చెబుతారు. అది వింటుంది. ఒక్కోసారి ఇద్దరూ ఏడుస్తారు. నేను ఆ కాసేపూ నడుం వాలుస్తాను.

మీ సమాధి దగ్గరికి దాన్ని ఇంతవరకు తీసుకురాలేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక అందరం వస్తాం. గట్టిగా ఏడుస్తుంది, ముందే చెబుతున్నాను... మీకు అలవాటేగా.

మీ కోడలు,
సునీత