ఉడకని కందిపప్పు

మునెమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సంబంధం చూడబోతే కొంగున కందిపప్పు కట్టుకుపోయి, అక్కడి నీళ్లలో ఉడికితేనే పిల్లనిస్తాననేదానివి. హోసూరు ఫ్యాక్టరీ పెళ్లికొడుకును అలాగే కాదన్నావు; అతని మొహం తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మన చిన్నది రత్న మాత్రం నీ పరీక్షకు అందకుండా, తనకు నచ్చినవాణ్ని చేసుకుని దీవికి కాపురం పోయింది. అక్కడ వాననీళ్లు నిలపడానికి సముద్రపు పాయకు అడ్డంగా కట్ట వేశారు. రెండు వానాకాలాలకు అక్కడి నీళ్లలో ఉప్పు పోతుందన్నారు. పొద్దున రత్న ఫోన్ చేసింది.

"మూడో వానకూ పప్పు ఉడకలే నాయనా. పడవలో తెచ్చే నీళ్లు బిడ్డకే చాలడంలే."

"ఈడికి వచ్చేయండమ్మా."

"ఈ వారమే వచ్చేస్తాం నాయనా."

సరేనన్నాను. మన సామల్పట్టి బోరులో నెలరోజులుగా గాలే తప్ప నీళ్లు రావడం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.